కరిగే గీత

నాలుగేళ్ల కిందట శ్రావణ మాసంలో మా అక్కయ్యకు పుస్తకాల పార్సిల్ ఒకటి పంపాను. అడ్రసు దూరం నుంచి కూడా కనబడాలని నల్ల స్కెచ్‌పెన్‌తో పెద్దపెద్ద అక్షరాలు రాశాను. పదిరోజుల తర్వాత ఆ పార్సిల్ తడిసి, ఆరి, మళ్లీ మా గుమ్మంలోకే వచ్చింది. అడ్రసు ఉన్నచోట ఊదారంగు మబ్బు ఒకటి మిగిలింది. వెనకవైపు బాల్‌పెన్‌తో రాసిన మా ఇంటి అడ్రసు మాత్రం చెక్కుచెదరలేదు. అందుకే తిరిగొచ్చింది. ఫోన్లో చెబితే అక్కయ్య ఒకటే నవ్వు. "బొమ్మలేసుకునే పెన్నుతో అడ్రసు రాస్తార్రా ఎవరైనా?" అంది.

అక్కయ్య మాట సబబే. కానీ ఆ పెన్నుల వంశంలో మూలపురుషుడు పుట్టింది బొమ్మల కోసం కాదు, రాతకోతల కోసం. కాగితం అవతలి వైపుకు సిరా దిగకుండా రాయగలగాలన్నది అప్పటి కోరిక. నీళ్లు తగిలితే కరిగిపోవడమన్నది ఆ కోరిక తీర్చుకునే దారిలో వచ్చిపడ్డ అవలక్షణం. ఇవాళ చిత్రకారులు ఆ పెన్నును వెతుక్కుని మరీ కొనేది ఆ అవలక్షణం కోసమే.

1950లలో అమెరికాలో సిడ్నీ రోసెంతాల్ అనే ఆయన ఒక లావుపాటి గాజుసీసాలో సిరా పోసి, దానికి ఉన్నితో చేసిన ఫెల్ట్ ఒత్తిని బిగించి 'మ్యాజిక్ మార్కర్' పేరుతో అమ్మాడు. దీపం ఒత్తి నూనెను పీల్చుకున్నట్టే ఆ ఒత్తి సిరాను పీల్చుకుంటుంది. అట్టపెట్టెల మీద రాయడానికి బ్రహ్మాండంగా పనికొచ్చింది కానీ నోటుపుస్తకంలో రాయాలంటే కుదిరే పని కాదు. ఒత్తి మొద్దు, గీత లావు.

జపాన్‌లో యుకియో హోరియె అనే వ్యాపారి 1946లో ఒక స్టేషనరీ కంపెనీ పెట్టాడు. తర్వాతి రోజుల్లో అదే పెంటెల్ అయింది. కుంచెతో అక్షరాలు దిద్దిన దేశం కదా, గట్టి పాళీ కన్నా కాస్త మెత్తగా ఒదిగే మొన మీద వాళ్లకు మక్కువ ఉండడంలో వింత లేదు. ఉన్నికి బదులు సన్నని అక్రిలిక్ పోగులను కట్టగా కట్టి, వాటిని రెసిన్‌తో గట్టిపరిచి, కొసను మొనదేలేలా అరగదీశారు. పోగుకూ పోగుకూ మధ్య మిగిలిన సందులే సిరాకు కాలువలు. 1960లో వచ్చిన వాళ్ల మొదటి మార్కర్‌లో నూనె జాతి ద్రావకంతో చేసిన సిరా ఉండేది. గాజు మీద, రేకు మీద, ఎక్కడైనా రాసేది. చిక్కల్లా కాగితంతోనే వచ్చింది. ఇటు రాస్తే అటు తేలేది.

ఎందుకు తేలుతుందో తెలియాలంటే కాగితం లోపలికి చూడాలి. బట్టకు గంజి పెట్టినట్టే, రాసుకునే కాగితానికి తయారీలోనే ఒక పూత పెడతారు. దాన్ని సైజింగ్ అంటారు. పాతకాలంలో జంతువుల ఎముకలు, తోళ్లు ఉడికించి తీసిన జెలటిన్ వాడేవారు. మంచి వాటర్‌కలర్ కాగితానికి ఇప్పటికీ అదే వాడే మిల్లులున్నాయి. ఈ పూత నీటిని తొందరగా లోపలికి రానివ్వదు. అయితే అది ఆపగలిగేది నీటినే. జైలీన్ లాంటి ద్రావకాల తలతన్యత నీటిదాంట్లో సగం కూడా ఉండదు. అవి పూతను లెక్కచేయకుండా పోగుల్లోకి దూసుకుపోతాయి. కాబట్టి కాగితానికి అవతల తేలకూడదంటే సిరా నీటిదై ఉండాలి. 1963లో అలాగే నీటిసిరాతో 'సైన్ పెన్' బయటికొచ్చింది.

జపాన్‌లో మొదట దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఆ ఏడాదే షికాగోలో జరిగిన ఒక స్టేషనరీ ప్రదర్శనలో కంపెనీవాళ్లు శాంపిళ్లు ఊరికే పంచారు. వాటిలో ఒకటి చేతులు మారి వైట్‌హౌస్ చేరిందనీ, అధ్యక్షుడు లిండన్ జాన్సన్ ముచ్చటపడి 24 డజన్లు ఆర్డరిచ్చాడనీ కంపెనీ తన చరిత్రలో చెప్పుకుంటుంది. ఆ తర్వాత జెమినీ అంతరిక్ష యాత్రల్లోకి కూడా ఈ పెన్ను వెళ్లింది.

వ్యాపార కథగా చెప్పుకునేవాళ్లు ఎక్కువగా జాన్సన్ దగ్గరే ఆగిపోతారు. నాకు మాత్రం జెమినీ సంగతే ఎక్కువ ఇష్టం. మామూలు బాల్‌పెన్‌తో పడుకుని పైకప్పు వైపు రాసి చూడండి. కాసేపటికి గీత తెగిపోతుంది. మొన పైకి ఉన్నప్పుడు భూమ్యాకర్షణ సిరాను గోళీ నుంచి వెనక్కి లాగుతుంది మరి. పోగుల మొనకు ఆ బెడద లేదు. సన్నని సందులో నీరు తనంతట తాను పాకుతుంది, పైకైనా పక్కకైనా. దీన్నే కేశనాళికీయత అంటారు. సందు ఎంత సన్నగా ఉంటే లాగుడు అంత గట్టిగా ఉంటుంది. 20 మైక్రాన్ల వ్యాసమున్న శుభ్రమైన గాజుగొట్టాన్ని నీటిలో నిలబెడితే, లెక్కప్రకారం నీరు దాదాపు ఒకటిన్నర మీటర్ల ఎత్తుకు ఎక్కగలదు. మన వెంట్రుక మందంలో మూడోవంతు కన్నా సన్నని గొట్టం అది.

మరి అంత గట్టిగా లాగే మొన, పెన్నులోని సిరానంతా లాగేసి కాగితం మీద కక్కేయదా? అక్కడే ఉంది పనితనమంతా. పాడైన స్కెచ్‌పెన్‌ను విరగ్గొట్టి చూస్తే లోపల సిగరెట్ ఫిల్టరు లాంటి మెత్తని కడ్డీ కనబడుతుంది. అందులో సిరా నిలవున్న నీళ్లలా కాక, తడిగుడ్డలో తడిలా ఉంటుంది. కడ్డీలోని సందులు కాస్త పెద్దవి, మొనలోనివి చిన్నవి, సైజింగ్ ఉన్న కాగితం పట్టు ఇంకో లెక్క. పట్టు ఎక్కువున్న చోటికే సిరా కదులుతుంది. కదిలినంత మేర గాలి లోపలికి రావాలి, లేకపోతే ప్రవాహం ఆగిపోతుంది. పైకి బొమ్మలా కనబడే ఈ పెన్నులో కదిలే భాగం ఒక్కటీ లేదు. సందుల కొలతలతోనే నడిచే యంత్రం ఇది.

ఇలాంటి యంత్రం మనవాళ్ల చేతుల్లో ఎప్పటినుంచో ఉంది. శ్రీకాళహస్తిలో కలంకారీ చేసేవాళ్ల 'కలం' చూశారా? మొన చెక్కిన వెదురుపుల్ల. దానికి కాస్త పైన ఉన్నో, నూలు గుడ్డో చుట్టి దారంతో బిగిస్తారు. ఆ ముద్దను రంగులో ముంచి, గీసేటప్పుడు వేళ్లతో కొద్దికొద్దిగా నొక్కుతుంటే రంగు మొన మీదికి జారుతుంది. సిరాను పీల్చి దాచుకునే మెత్తని ముద్ద, దాన్ని గీతగా మార్చే మొన. సైన్ పెన్‌ లోపల ఉన్నదీ ఇవే.

అంతకన్నా నన్ను ఆశ్చర్యపరిచేది వాళ్లు బట్టను సిద్ధం చేసే తీరు. కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో బట్టను ముంచి ఆరబెడతారు. కరక్కాయలోని టానిన్, తుప్పు ఇనుమునూ బెల్లాన్నీ నీళ్లలో ఊరబెట్టి చేసిన 'కసిం'తో కలిసి నల్లరంగునిస్తుంది. మరి పాలెందుకు? పాలలోని కొవ్వు నూలుపోగులను పట్టుకుని, రంగు పక్కకు పాకకుండా ఆపుతుంది. జెలటిన్ కాగితానికి చేసే మేలే పాలు బట్టకు చేస్తాయి. తేడా ఒక్కటే. కలంకారీ నల్లగీత నీళ్లలో ఎన్నిసార్లు ఉతికినా నిలుస్తుంది. ఆ నలుపు పోగులోనే పుట్టి, కరగని పదార్థంగా అక్కడే స్థిరపడుతుంది. మన పెన్నుగీతకు ఆ యోగం లేదు.

ఎందుకు లేదంటే, నీటిసిరాలో ఉండేది డై. అంటే, పంచదార పాకంలో కరిగినట్టు అణువు అణువుగా నీటిలో కరిగిపోయిన రంగు. ఈ అణువులకు తరచూ సల్ఫోనేట్ గుంపుల తోకలు తగిలించి ఉంటాయి. నీరంటే వాటికి మహా ఇష్టం. గీత ఆరాక ఆ అణువులు కాగితంలోని సెల్యులోజ్‌ను అంటిపెట్టుకుని కూర్చుంటాయి కానీ, మళ్లీ నీరొస్తే చాలావరకు లేచి దానితో వెళ్లిపోతాయి. కరగని రంగుపొడిని పిగ్మెంట్ అంటారు. లక్క కలిపిన ఇండియన్ ఇంకులో ఉండే దీపపుమసి అలాంటిదే. ఒకసారి ఆరితే ఎన్ని నీళ్లు పోసినా కదలదు. గీత నిలవాలంటే అది వాడుకోవాలి. నాకు మాత్రం నిలవని గీతే కావాలి.

ఎలాగో చెబుతాను. మా వరండాలో మంచినీళ్ల కుండ ఉంది. డ్రాయింగ్ షీటు మీద ఆ కుండ చుట్టుగీత ఒక్కటే గీస్తాను. నీడలు గీతలతో నింపను. ఇప్పుడు నీళ్లబ్రష్షు తీసుకుంటాను. పిడిలోనే నీళ్లు పోసుకునే కుంచె అది, మెత్తగా నొక్కితే వెంట్రుకల్లోకి తడి దిగుతుంది. కుండకు ఎడమవైపు ఎండ, కుడివైపు నీడ. కుడిగీత లోపలి అంచును మాత్రం తడి కుంచెతో ముట్టుకుని, ఆ తడిని కుండ పొట్ట మీదుగా ఎడమకు లాగుతాను. గీతలోంచి రంగు లేచి కుంచె వెంబడి వస్తుంది. వచ్చేకొద్దీ పలచబడి, ఎండవైపు చేరేసరికి ఉత్త కాగితమే మిగులుతుంది. ఒక్క లాగుతో కుండ గుండ్రమైపోతుంది. గీత పూర్తిగా పోదు. కొన్ని అణువులు సెల్యులోజ్‌ను వదలవు, ఆకారం నిలబడుతుంది.

వాటర్‌కలర్ ఆ తర్వాత. ఇక్కడ చేతిని అదుపులో పెట్టుకోవాలి. వాటర్‌కలర్‌లో ఉండేది పిగ్మెంట్ పొడి, దాన్ని కాగితానికి అంటించేది తుమ్మజాతి చెట్ల బంక. పలచగా, ఒకేసారి, రుద్దకుండా పూయాలి. కుంచె రెండుసార్లు అదేచోట తిరిగిందో, కింది గీత మళ్లీ లేచి రంగులో కలుస్తుంది. నల్లగీత మీద పసుపు పూసి చూడండి, పాచిపట్టిన ఆకుపచ్చ వస్తుంది. నేను మొదట్లో వేసిన అరటిపళ్లన్నీ అరటికాయలే అయ్యాయి. గీతకు అడుగు దూరంలో రంగు ఆపేసి, మధ్య సన్నగా తెల్లకాగితం వదిలేయడం తర్వాత నేర్చుకున్న ఉపాయం. అడుగంటే చీమ అడుగు.

రంగు ఆరుతున్నప్పుడు ముట్టుకోకుండా చూస్తూ కూర్చుంటే ఇంకో వేడుక కనబడుతుంది. మడుగు అంచు చుట్టూ ముదురు గీత ఒకటి దానంతటదే గీసుకుంటుంది. టేబుల్ మీద ఒలికిన కాఫీ చుక్క ఆరాక మధ్యలో తేలిగ్గా, అంచున ముదురుగా మరక మిగలడమూ ఇలాంటిదే. దీని గుట్టు విప్పుతూ 1997లో 'నేచర్' పత్రికలో రాబర్ట్ డీగన్, సహచరులు వ్యాసం రాశారు. పరిశోధన జరిగింది షికాగో విశ్వవిద్యాలయంలో. మళ్లీ షికాగోనే! చుక్క అంచు కాగితానికి అతుక్కుపోతుంది, లోపలికి జరగదు. అంచులో నీరు తొందరగా ఆవిరవుతుంది. ఆ లోటు పూడ్చడానికి మధ్యలోంచి నీరు అంచుకు పరుగెడుతూ, దారిలో దొరికిన రంగునంతా మోసుకుపోయి అక్కడ దించేస్తుంది. ఈ అంచులను కొందరు లోపమనుకుని చెరిపేస్తారు. మేఘాలకు, ఆకులకు నేను వాటినే వాడుకుంటాను. నేను గీసే అంచుల కన్నా అవే నయం.

ఇక పార్సిల్ మీది ఊదారంగు సంగతి. నల్లపెన్నులోంచి ఊదా ఎలా వచ్చింది? చాలా నల్ల సిరాల్లో నలుపనేది ఒక్క రంగు కాదు. రెండుమూడు డైలు కలిస్తే మన కంటికి నలుపులా కనబడుతుంది. నీరు వాటిని మోసుకుపోయేటప్పుడు కాగితాన్ని గట్టిగా పట్టుకునేది వెనకబడుతుంది, నీటిని ఎక్కువ ఇష్టపడేది ముందుకు పోతుంది. తొమ్మిదో తరగతిలో నల్ల సిరా చుక్క పెట్టిన కాగితపు పట్టీని నీళ్లలో వేలాడదీసిన ప్రయోగం గుర్తుందా? అదే క్రొమటోగ్రఫీ. గత శతాబ్దం మొదట్లో వార్సాలో మిఖాయిల్ త్స్వెత్ అనే వృక్షశాస్త్రవేత్త సుద్దపొడి నింపిన గాజుగొట్టంలో ఆకుల రసం పోసి, అందులోని రంగులను పట్టీలు పట్టీలుగా విడదీశాడు. రష్యన్‌లో ఆయన ఇంటిపేరుకు 'రంగు' అని అర్థం. ఇలాంటివి కథల్లో రాస్తే ఎవరూ నమ్మరు.

కరిగే గీతకు నీళ్లకన్నా పెద్ద శత్రువు ఎండ. 1856లో పద్దెనిమిదేళ్ల విలియం పెర్కిన్ మలేరియా మందు క్వినైన్‌ను తయారుచేయబోయి పొరపాటున ఊదారంగు డైని కనిపెట్టాడు. అప్పటినుంచి కృత్రిమ రంగులు సిరాల్లోకి ప్రవాహంలా వచ్చాయి. అందంగా ఉంటాయి, చవక, కానీ వెలుతురు పడితే అణువులోని బంధాలు తెగి రంగు చచ్చిపోతుంది. వాన్ గో అలాంటి ఊదాసిరాతో గీసిన కొన్ని గీతలు ఇప్పుడు గోధుమరంగుకు తిరిగాయి. కాబట్టి సైన్ పెన్ బొమ్మలను కిటికీ ఎదుట ఫ్రేము కట్టి పెట్టకండి. పుస్తకంలోనే ఉంచి, అప్పుడప్పుడు తెరిచి చూసుకోండి.

ఆ పార్సిల్ కవరును నేను పారేయలేదు. చీకటి సొరుగులో ఉండడం వల్ల కాబోలు, రంగులు అలాగే ఉన్నాయి. మధ్యలో బూడిదరంగు, దాని చుట్టూ ఊదా, కొసన ఆకాశనీలం. మొన్న ఆ ముక్కను కత్తిరించి, మబ్బు కింద రెండు కొబ్బరిచెట్లు గీసి, చిన్న పెంకుటిల్లు వేసి, అక్కయ్యకు పంపాను. పైన అడ్రసు బాల్‌పెన్‌తోనే రాశాను.