తాళంచెవి కూడా అమానతే

అల్లాహ్ దయతో పక్షవాతం నుండి కోలుకున్న అబ్బాజాన్ మళ్ళీ కారు తాళంచెవి అడిగితే మనం సంతోషిస్తాము. కాని నడక కుదుటపడినంత మాత్రాన చూపు, స్పందన కుదుటపడినట్లు కాదు. భోగాపురం మీదుగా సాగే 16వ నంబరు జాతీయ రహదారిపై ఒక పక్క నుండి వచ్చే లారీ ఆయన కంటబడకపోవచ్చు. ఆ లోపం ఆయనకే తెలియకపోవచ్చు.

1988 మోటారు వాహనాల చట్టం 16వ సెక్షను ప్రకారం, వ్యాధి వలన వాహనం నడపలేని స్థితి ఉన్నదని భావిస్తే అధికారి లైసెన్సు రద్దు చేయవచ్చు, లేదా క్రొత్త వైద్య ధ్రువపత్రం కోరవచ్చు. ప్రమాదమని తెలిసీ నడపడం 186వ సెక్షను క్రింద నేరం. బ్రిటన్‌లోనైతే పక్షవాతం తరువాత కనీసం ఒక నెల కారు నడపరాదు.

కనుక ముందు వైద్యుణ్ణి అడుగుదాము. ఆయన వద్దంటే రవాణా కార్యాలయానికి మనమే తెలియజేద్దాము. ఇది పెద్దలను అవమానించడం కాదు. బాటసారుల ప్రాణాలనే అమానతును కాపాడడం.