ఓడలో కుదిరిన చెలిములు

1974 జనవరిలో జపాను ప్రధాని తనాకా కకుయే ఆగ్నేయాసియా దేశములలో పర్యటించెను. బ్యాంకాకులో విద్యార్థులు ఆయన దిష్టిబొమ్మను తగులబెట్టిరి. జకార్తాలో అల్లరులు చెలరేగి జపాను కార్లు వీథులలో కాలిపోయినవి. అతిథిగా వచ్చిన ప్రధాని విమానాశ్రయమునకు హెలికాప్టరుపై పోవలసివచ్చెను. జపాను సరకులు తమ అంగళ్లను ముంచెత్తుచున్నవను కోపము పైకి కనబడినది. దాని అడుగున 1942 నుండి 1945 వరకు సాగిన సైనికాక్రమణము మిగిల్చిన గాయమున్నది. సయాము-బర్మా రైలుమార్గము వేయుటకై మలయా తోటలనుండి తరలింపబడిన కూలీలలో తమిళులు అధికులు, తెలుగువారును కొందరు కలరు. వారిలో అనేకులు తిరిగిరాలేదు. కావున ఆ గాయము మనకును బొత్తిగా పరాయిది కాదు.

ఆ యేటనే ఇండొనీషియా, మలేషియా, ఫిలిప్పీన్సు, సింగపూరు, థాయిలాండు దేశములతో కలిసి జపాను ‘ఆగ్నేయాసియా యువజన నౌక’ అను కార్యక్రమమును ప్రారంభించెను. తరువాత 1985లో బ్రూనై, 1996లో వియత్నాము, 1998లో లావోసు, మయన్మారు, 2000లో కంబోడియా చేరినవి. 18 మొదలు 30 ఏండ్ల వయస్సు గల యువతీయువకులు సుమారు 300 మంది, ఇంచుమించు 50 దినములు, ఒకే ఓడలో రేవునుండి రేవునకు సాగిపోవుచుండెడివారు. జపాను ప్రభుత్వమునకు ఇందు స్వప్రయోజనము లేదనుకొనుట అమాయకత్వమే యగును. కాని ప్రభుత్వములు ఏ లెక్కతో ఓడనెక్కించినను, ఎక్కినవారు ఆ లెక్క ప్రకారమే నడుచుకొనవలెనని లేదు గదా!

ఓడ యేల, విమానమున పంపిన చాలదా యని శ్రోతలు అడుగవచ్చును. విమానమున పోయినవాడు సభలో ఉపన్యాసము విని, చేయి కలిపి, సాయంకాలమునకు తన గదిలో తలుపు వేసికొనును. ఓడలో ఆ తలుపు లేదు. ఒక్కొక్క గదిలో ముగ్గురు. ముగ్గురివి మూడు దేశములు. ఒకరికి గాలిమర యెక్కువ తిరుగవలెను, మరియొకరికి చలి. ఒకరు వేకువనే లేచి నమాజు చేసికొందురు, వేరొకరు అర్ధరాత్రి దాక పాటలు సాధన చేయుదురు. సముద్రము పొంగిననాడు ముగ్గురికి తల తిరుగును. అప్పుడు నిమ్మకాయ అందించినవాడే చుట్టము. ఇంగ్లీషు చాలమందికి అరువు భాష. ఒకరి తప్పును ఒకరు నవ్వుకొనుచు మాటలాడుటలో బిడియము తీరిపోవును.

అమెరికాలో కాన్సాస్ విశ్వవిద్యాలయమునకు చెందిన జెఫ్రీ హాల్ అను పండితుడు 2018లో ఈ విషయమున ఒక పరిశోధన ప్రకటించెను. పరిచయస్థుడు సామాన్య మిత్రుడగుటకు సుమారు 50 గంటలు, ఆప్తుడగుటకు 200 గంటలకు పైగా కలిసి గడపవలెనట. పనిచోట గడచిన గంటలకు అంత బలము లేదు. తీరిక వేళల ముచ్చట్లకే బలమెక్కువ. వారమునకు రెండు గంటలు కలిసికొనువారికి 200 గంటలు నిండుటకు రెండేండ్లు పట్టును. ఓడలో రోజునకు 10 గంటల చొప్పున 20 దినములలో నిండిపోవును.

కాలమొక్కటే చాలదు. జాతుల మధ్య దురభిప్రాయములు తొలగుటకు గార్డన్ ఆల్పోర్టు 1954లో నాలుగు నియమములు చెప్పెను: సమానమైన హోదా, ఉమ్మడి లక్ష్యము, కలిసి పనిచేయుట, పెద్దల సమ్మతి. ఓడపై అన్ని దేశములవారిని కలిపి జట్లుగా విభజించుటలో ఈ నియమములే కనబడును. ఒక జట్టు నాటకమాడవలెనన్న జపాను యువకుడును, మనీలా యువతియు కలిసి తెర కుట్టవలసినదే.

అన్నిటికంటె కఠినమైన పరీక్ష రేవు చేరిన తరువాత వచ్చును. యువజనులు ఒకటి రెండు రాత్రులు స్థానిక కుటుంబముల ఇండ్లలో అతిథులుగా ఉందురు. 1945 ఫిబ్రవరి, మార్చి నెలలలో మనీలాలో జరిగిన యుద్ధమున లక్షమంది పౌరులు మరణించిరని అంచనా. అట్టి నగరములో, యుద్ధమును బాల్యమున చూచిన అవ్వ యున్న ఇంట, జపాను పిల్లవాడు భోజనమునకు కూర్చుండుట చిన్న విషయము కాదు. ఆ పూట అవ్వ నోరు విప్పి చెప్పినను, చెప్పక అన్నము వడ్డించినను, పాఠ్యపుస్తకము చెప్పలేనిది ఆ పిల్లవానికి తెలియును. క్షమాపణల ప్రకటనలకంటె ఇట్టి పూటలే ఎక్కువ పని చేసినవని నా నమ్మకము.

అందరి స్నేహములును నిలుచునా? నిలువవు. రేవున రంగుకాగితపు పట్టీలు తెగునప్పుడు కన్నీరు పెట్టినవారిలో పలువురు, ఏడాది తిరుగకముందే ఉత్తరము వ్రాయుట మానుదురు. మనుష్య స్వభావమది. నిలిచినవానికి కారణము మరల మరల కలిసికొను ఏర్పాటు. ఆయా దేశములలో పూర్వయాత్రికుల సంఘములు వెలసినవి. సభ్యులు దేశము మార్చి దేశమున సమావేశమగుచుందురు. ఏ సంవత్సరమున ఓడనెక్కిరో ఆ సంవత్సరము వారికి వంశనామము వంటిది. 2020లో కరోనా మహమ్మారి వలన నౌక కదలలేదు.

జపాను ప్రభుత్వమే 1988లో మొదలిడిన ‘ప్రపంచ యువజన నౌక’లో మన దేశపు యువజనులును పాల్గొనిరి. ఆగ్నేయాసియా నౌక విషయమున మరియొక విశేషము: నాడు యాత్రికులుగా వెడలినవారిలో కొందరు, తల నెరసిన తరువాత, నౌక తమ రేవునకు వచ్చినపుడు కొత్తవారిని తమ యింటికి తీసికొనిపోయి ఆతిథ్యమిచ్చుచున్నారు.