స్కిజోఫ్రీనియా మందులు: అపోహలు – వాస్తవాలు

మనోవైద్యులు స్కిజోఫ్రీనియా రోగులకు బిళ్ళలిచ్చుట వారిని నిద్రపుచ్చి ఒక మూల పడవేయుటకే యను అపోహ మన యిండ్లలో నేటికిని బలముగా నున్నది. 1952లో పారిస్ నగరమందు జాన్ దెలే, పియెర్ దెనికేర్ అను వైద్యులు క్లోర్‌ప్రోమజిన్‌ను మానసిక రోగులకిచ్చి గమనించిన విశేషము దీనికి విరుద్ధమైనది. రోగి మేల్కొనియుండగనే, వానిని వేధించు ఉద్రేకమును భ్రాంతులును క్రమముగా సడలినవి. మెదడులో డోపమిన్ అను రసాయనము చేయు ప్రసారమును ఈ మందులు కొంత అడ్డగించుటచేత, లేని మాటలు వినబడుటయు, అన్నములో ఎవరో విషము కలుపుచున్నారను శంకయు తగ్గుమొగము పట్టును. కొన్ని మందులు మొదటి దినములలో మగతను కలిగించుమాట నిజమే. కాని వ్యాధిని తగ్గించునది ఆ మగత కాదు.

ఇవి వ్యసనముగా పరిణమించునను భయము నిరాధారము. మద్యమునకువలె వీటికై ఎవరును తహతహలాడరు. అయినను హఠాత్తుగా మానినచో నిద్రలేమి, వికారము కలుగవచ్చును.

అన్నిటికంటె ఎక్కువ హాని చేయునది, "బాగైనది గదా, ఇక మందెందుకు?" అను అపోహ. 2012లో లాన్సెట్ పత్రికయందు వెలువడిన సమీక్ష ప్రకారము, ఒక సంవత్సరములో వ్యాధి తిరుగబెట్టినవారు మందు వాడినవారిలో నూటికి 27, దానికి బదులు ఉత్తుత్తి బిళ్ళ వాడినవారిలో 64. జీవితాంతము అందరికిని మందు అవసరమా యను విషయమున మనోవైద్యులలోనే భేదాభిప్రాయములున్నవి. ఆ సందేహమును తీర్చుకొనుటకు ఇంగ్లండులో జరిపి 2023లో ప్రకటించిన పరీక్షలో, మోతాదును మెల్లమెల్లగా తగ్గించినవారికి రెండేండ్లకైనను సాంఘిక జీవనమున మేలు కానరాలేదు. తీవ్రముగా తిరుగబెట్టుట మాత్రము వారిలో నూటికి 25, యథాప్రకారము వాడినవారిలో 13గా తేలినది. కావున తగ్గింపవలయుననుకొన్నచో వైద్యుని కనుసన్నలలోనే తగ్గింపవలయును.

వీటివలన కీడేమియు లేదనుటయు అంతే అసత్యము. మందు వాడుచున్న కుర్రవాడు ఒకచోట కూర్చుండలేక, అన్నము ముందునుండి రెండు మారులు లేచి వరండాలో అటునిటు తిరుగుచుండును. తల్లి పిచ్చి ముదిరినదని కలతచెంది మరొక బిళ్ళ మ్రింగించును. పలుమారు అది వ్యాధి కాదు, మందు కలిగించిన అశాంతి. మోతాదు తగ్గించిననో, మందు మార్చిననో సాధారణముగా ఉపశమించును. ఒలాంజపిన్ వంటివి బరువును, చక్కెరను పెంచును. హాలోపెరిడాల్ వంటివి చేతివణకును, ఒడలి బిగువును తెచ్చును. ఈ బాధలను చెప్పుకొన్న రోగిని కసరుకొనుట నాకు సహింపరాని అన్యాయముగా తోచును, ఏలయన మందు మానుటకు అనేకులను పురికొల్పునది ఆ చెప్పుకోలేని బాధయే. ఇక వ్యాధి లక్షణములలోనివే యగు ఉత్సాహలోపము, ముభావము మందులకు అంతగా లొంగవు. వాటిని సోమరితనమని ఇంటివారు పొరబడుచుందురు.

రెండు మందులు తగిన మోతాదులో వాడినను గుణము కానరానిచో ఇక దారి లేదని నిరాశపడుట కడపటి అపోహ. అట్టివారికి క్లోజపిన్ కలదు. 1988నాటి ప్రసిద్ధ పరిశోధనలో, ఇతర మందులకు లొంగనివారిలో దీనివలన మెరుగైనవారు నూటికి 30, క్లోర్‌ప్రోమజిన్‌వలన 4. తెల్లరక్తకణములు ప్రమాదకరముగా తగ్గు అవకాశముండుటచేత మొదటి 18 వారములు వారమునకొకమారు, పిమ్మట వైద్యుడు చెప్పిన ఎడముతో, రక్తపరీక్ష చేయింపవలయును. ఆ శ్రమకు జంకి ఏండ్లతరబడి ఫలింపని మందులతోనే కాలము వెళ్ళబుచ్చు కుటుంబములు, క్లోజపిన్ తమవానికి తగునా యని వైద్యుని అడుగుటకు సంకోచింప నక్కరలేదు.