బస్సుల డిపో: దాని నిర్మాణ విధానము

ఉదయమున చీరాలకో చిలకలూరిపేటకో పోవు బస్సు వేళకు వచ్చినచో దానిని గూర్చి యెవరును తలంపరు. రానినాడు మాత్రము బడిపిల్లలు మొదలు మిరపకాయల బేరగాండ్ర వఱకు అందఱును కండక్టరును నిందింతురు. బస్సు రాకపోవుటకు కారణము తఱచుగా ముందటి రాత్రియందుండును. ఆ రాత్రి బస్సు ఎక్కడ నిలిచెను, దాని క్రింద దూఱి చూచిన మనుష్యుడుండెనా, అతనికి దీపముండెనా, విఱిగిన కమాను పట్టీకి మాఱు పట్టీ దొరకెనా యను ప్రశ్నలకు సమాధానము చెప్పవలసిన స్థలము డిపో. బస్టాండు ప్రయాణికుల కొఱకు కట్టబడును. డిపో బస్సుల కొఱకు కట్టబడును. మొదటిదానిని అందఱము చూచుచున్నాము. రెండవదానిని గూర్చి కొంత తెలిసికొందము.

తెలుగుదేశమున ప్రభుత్వపు బస్సులు మొదట నడచినది నిజాము సంస్థానమునందు. 1932 జూన్ నెలలో నిజాము రాష్ట్ర రైల్వేవారి శాఖగా 27 బస్సులతోను, 166 మంది ఉద్యోగులతోను ఆ పని ప్రారంభమయ్యెను. లెక్క చూచినచో ఒక్కొక్క బస్సునకు ఆఱుగురు మనుష్యులు. ఈ ఆఱుగురును డ్రైవర్లు కండక్టర్లు కారు. ఇంజను విప్పువారు, చక్రములు మార్చువారు, సామాను లెక్క వ్రాయువారు లేనిదే బండి కదలదని రైల్వేవారికి ముందుగనే తెలియును. ఏలయన రైలింజనుకు షెడ్డు లేకుండ ఏ రైల్వేయు నడువదు. కోస్తా జిల్లాలలో ఆనాడు ప్రైవేటు యజమానుల బస్సులు నడచెడివి. రెండవ ప్రపంచ యుద్ధకాలమున పెట్రోలు కఱవై, వెనుక పొయ్యి తగిలించుకొని బొగ్గు వాయువుతో నడచిన బస్సులను గూర్చి మన పెద్దలు చెప్పుట విన్నవారు గలరు. ఆ పొయ్యిలో బూడిద తీసి, గొట్టములలో మసి తుడిచి, నిప్పు రాజవేయనిదే బండి బయలుదేఱదు. మరమ్మతు ప్రయాణములో భాగమని ఆ బొగ్గు బస్సులు నేర్పినంత చక్కగా మఱి యేవియు నేర్పలేదని నా తలంపు. 1958 జనవరి 11వ తేదీన ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థ ఏర్పడెను. తరువాత జిల్లా జిల్లాకును డిపోలు వెలసినవి. మన పర్చూరునకు చీరాల, చిలకలూరిపేట, అద్దంకి డిపోలు సమీపమునందున్నవి. పర్చూరున మాత్రము డిపో లేదు.

డిపో కట్టదలచువారు మొట్టమొదట విచారింపవలసినది స్థలమును గూర్చి. చవుకగా దొరకినదని ఊరికి దూరముగా నున్న పొలమును తీసికొనిన యెడల, ఆ చవుక ప్రతిదినమును బస్సు చక్రములక్రింద అఱిగిపోవును. ఒక బస్సు మొదటి ప్రయాణికుని ఎక్కించుకొను చోటునకు డిపో 20 కిలోమీటర్ల దూరమున నున్నదనుకొనుడు. ఉదయము 20, రాత్రి 20, వెరసి 40 కిలోమీటర్లు ఖాళీగా నడువవలెను. సంవత్సరమునకు 14,600 కిలోమీటర్లు. మన దేశపు ఉత్తరపుకొన నుండి దక్షిణపుకొన వఱకు గల దూరమునకు ఇది నాలుగింతలకు మించినది. ఇదియంతయు ఒక్క బస్సు, ఒక్క టిక్కెట్టు లేకుండ నడచిన నడక! ఈ నష్టమును తప్పించుటకే కొన్ని పల్లెవెలుగు బస్సులు రాత్రి పల్లెలోనే బసచేసి, తెల్లవారుజామున అక్కడినుండియే బయలుదేఱును. అట్లు చేయుటవలన డీజిలు మిగులును గాని, ఆ రాత్రి బస్సును పరీక్షించువాడు లేడు. కావున అట్టి బస్సు పగటివేళ ఏదో ఒక గంటకు డిపోకు చేరి పరీక్ష జరుపుకొనునట్లు టైముపట్టిక కూర్పవలసియుండును. టైముపట్టిక వ్రాయువారును, డిపో కట్టువారును ఒకరినొకరు ఎఱుగకుండ పని చేసినచో ఇరువురి పనియు చెడును.

ఇక ఆవరణము. బస్సు పొడవు ఇంచుమించు 12 మీటర్లు, వెడల్పు రెండున్నర. నిలుచుటకు దానికి కావలసిన చోటు స్వల్పమే. తిరుగుటకు కావలసినదే ఎక్కువ. పూర్తిగా వెనుకకు తిరుగవలెనన్న సుమారు 24 మీటర్ల వెడల్పు కావలెను. అనుభవము లేనివారు కాగితముమీద బస్సులను అగ్గిపుల్లలవలె పేర్చి, నూఱు బస్సులు పట్టునని సంతోషింతురు. తెల్లవారుజామున నడుమనున్న బస్సు మొదట పోవలసివచ్చినప్పుడు, దాని ముందఱి నాలుగింటిని కదల్పవలసివచ్చును. వానిలో ఒకటి స్టార్టు కాదు. మంచి డిపోలో బస్సు ఒక ద్వారమున ప్రవేశించి, డీజిలు పోయించుకొని, స్నానము చేసి, పరీక్షాస్థలము దాటి, తన చోట నిలిచి, వేఱొక ద్వారమున వెలుపలికి పోవును. ఎదురెదురుగా వచ్చుటయు, వెనుకకు నడచుటయు ఎంత తక్కువయైన అంత మేలు. చీకటిలో వెనుకకు నడచు బస్సు వెనుక నిలిచిన క్లీనరు డ్రైవరుకు కానరాడు.

విద్యార్థులకు ఇందొక చక్కని లెక్క కలదు. ఒక డిపోకు రాత్రి 8 గంటల నుండి 11 గంటలలోపల 100 బస్సులు వచ్చును. ఒక్కొక్కదానికి డీజిలు పోయుటకు 4 నిమిషములు పట్టును. పంపు ఒక్కటియే యున్నచో ఏమగును? మూడు గంటలలో 45 బస్సులకు పని ముగియును, 55 మిగులును. వానికి ఇంకను 220 నిమిషములు కావలెను, అనగా కడపటి బస్సునకు తెల్లవారుజామున 2 గంటల 40 నిమిషములకు పని ముగియును. దానిని కడుగుటెప్పుడు, బ్రేకులు చూచుటెప్పుడు, మొదటి ట్రిప్పుకు పంపుటెప్పుడు? రెండు పంపులున్నచో 11 గంటలు దాటిన 20 నిమిషములకే పని పూర్తియగును. రెండవ పంపు ఖరీదు ఎక్కువయని వెనుదీయువారు ఈ లెక్క వేసికొనినవారు కారు. మఱియు వేచియుండు బస్సులు ఎక్కడ నిలుచును? పండ్రెండు మీటర్ల బస్సునకు రెండు మీటర్ల ఎడము కలిపి, ఆఱు బస్సుల వరుసకు 84 మీటర్లు కావలెను. ఆ చోటు ఆవరణములో లేనియెడల ఆ వరుస రోడ్డుమీదనే యుండును. మిరప కళ్ళముల కాలమున గుంటూరు యార్డునకు పోవు లారీలతో నిండిన రోడ్డుమీద అట్టి వరుస ఎంత ప్రమాదకరమో ఈ ప్రాంతమువారికి వేఱుగ చెప్పనక్కఱలేదు.

డిపోలో అన్నిటికంటె ముఖ్యమైనది, చూచుటకు అన్నిటికంటె అల్పమైనది, నేలలో త్రవ్విన పొడుగుపాటి గొయ్యి. దీనిని పిట్టు అందురు. బస్సు దానిమీద నిలువగా, మెకానిక్కు లోపల నిలిచి, తలయెత్తి బస్సు అడుగుభాగమును చూచును. స్టీరింగు కీళ్ళు, బ్రేకు గొట్టములు, కమాను పట్టీలు, నూనె కాఱుట, ఇవన్నియు క్రిందినుండియే కనబడును. బ్రేకు గొట్టమున వెండ్రుకవాసి పగులు రాత్రి కనబడినచో పది నిమిషముల పని; కనబడనిచో మఱునాడు ఏబదిమంది ప్రాణములమీదికి వచ్చును. కనుక పిట్టులో గోడలకు రెండు ప్రక్కల దీపములుండవలెను. చేతిదీపము చాలదు, ఒక చేత దీపము పట్టినవానికి పనిచేయుటకు ఒక చేయి మాత్రమే మిగులును. దిగుటకు రెండు కొనలను మెట్లు, అంచులకు పసుపురంగు, అడుగున నీరు చేరుటకు చిన్న గుంటయు కావలెను.

మన నల్లరేగడిలో ఈ గొయ్యి కట్టుట సులభము కాదు. ప్రత్తికిని మిరపకును తల్లివంటి ఈ నేల, కట్టడములకు సవతితల్లి. వానకాలమున నీరు త్రాగి ఉబ్బును. వేసవిలో చేయి దూఱునంత బీటలు వాఱును. ఉబ్బినప్పుడు పిట్టు గోడలను రెండు ప్రక్కలనుండి లోపలికి నెట్టును. కుంగినప్పుడు ఆవరణపు గచ్చును విఱుచును. విఱిగిన గచ్చులో నీరు దిగి, ఆ నీటితో నేల మరల ఉబ్బును. ఇటుకగోడల పిట్టు ఇట్టి నేలలో కొలది యేండ్లకే వంకరపోవును. కాంక్రీటులో ఇనుము పొదిగిన గోడలే తగినవి. గచ్చు క్రింద నల్లమట్టిని కొంతలోతు తీసివేసి, గ్రావెలు పొరలు పొరలుగా వేసి రోలరుతో దట్టింపవలెను. షెడ్డు స్తంభములకు రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థవారు మన దేశమున ప్రచారమునకు తెచ్చిన పద్ధతి యొకటి కలదు: సన్నని గోతిని త్రవ్వి, దాని అడుగుభాగమును కుండవలె వెడల్పుచేసి కాంక్రీటు నింపుట. సుమారు మూడున్నర మీటర్ల లోతున ఋతువులతోపాటు తేమ మాఱదు గనుక నేల కదలదు. ఆ కుండ అక్కడ పట్టుకొని నిలుచును. ఆవరణమునుండి వాననీరు వెంటనే పోవునట్లు వాలును, కాలువలును మొదటనే ఏర్పఱుపవలెను. బస్సులు కడిగిన నీరు తిన్నగా పొలముకాలువలోనికి పోరాదు. నూనె నీటికంటె తేలిక గనుక, ఆ నీటిని తొట్టిలో నిలిపినచో నూనె పైకి తేలును. దానిని తీసివేసి, అడుగునుండి నీటిని వదలవచ్చును. ఈ తొట్టిని కట్టినవారు పెక్కురు. వారమువారము శుభ్రముచేయు మనిషిని నియమించువారు కొందఱే.

రోజు పరీక్ష, వారపు పరీక్ష, ఇన్ని కిలోమీటర్లు నడచిన పిమ్మట చేయు పెద్ద పరీక్ష, వీనివఱకు డిపో పని. ఇంజను పూర్తిగా విప్పవలసివచ్చినప్పుడు దానిని పెద్ద వర్క్‌షాపునకు పంపుదురు. ఆంధ్రప్రదేశమున విజయవాడ విద్యాధరపురమునందును, నెల్లూరు, కడప, విజయనగరములందును అట్టివి కలవు. ఇంజను తిరిగి వచ్చువఱకు బస్సు కూర్చుండవలెనా? అక్కఱలేదు. సిద్ధపఱచిన మాఱు ఇంజను ఒకటి డిపోలో నుండును. దానిని బిగించి బస్సును పంపివేయుదురు. మన ఇండ్లలో చాకలికి బట్టలు వేసి వేఱు జత కట్టుకొనుటవంటిదే ఇది. అందువలన సామానుగది పిట్టులకు దగ్గఱగా నుండవలెను. ఇంజనును నెట్టుకొనిపోవు బండికి మెట్లు అడ్డము రాగూడదు. బ్యాటరీల గది మాత్రము వేఱుగా గాలి వచ్చునట్లు కట్టవలెను. ఛార్జి చేయునప్పుడు వెలువడు ఉదజని వాయువునకు నిప్పురవ్వ చాలును.

లండను నగరమున స్టాక్‌వెల్ అనుచోట 1952లో ప్రారంభమైన బస్సు గ్యారేజీ ఈ శిల్పమున పేరుగన్నది. యుద్ధానంతరము ఇనుము కఱవగుటచే కాంక్రీటు కమానులతో 59 మీటర్ల వెడల్పు గల పైకప్పు వేసిరి. నడుమ ఒక్క స్తంభమైనను లేదు. 200 బస్సులు అడ్డులేక తిరుగవచ్చును. ఆ నగరపువారే ఆల్డెన్‌హామునందు 1956లో ప్రారంభించిన మహా వర్క్‌షాపు కథ వేఱు. బస్సుల పైభాగమును చట్రమునుండి ఎత్తి బాగుచేయు పద్ధతికి దానిని రూపొందించిరి. తరువాత వచ్చిన బస్సులకు ఆ పద్ధతి సరిపడలేదు. 1986లో దానిని మూసివేసిరి. గోడలు బస్సులకంటె ఎక్కువకాలము బ్రదుకునని మఱచిపోవుటచే వచ్చిన చిక్కిది.

మనకును అట్టి మార్పు ఎదురైనది. 2022లో తిరుపతి, తిరుమలల నడుమ విద్యుత్తు బస్సులు ప్రవేశపెట్టబడెను. వానికి అలిపిరి డిపోలో ఛార్జి చేయు ఏర్పాటు గలదు. ఇట్టి డిపోకు డీజిలు తొట్టికి బదులు ట్రాన్స్‌ఫార్మరు కావలెను. పంపువద్ద నాలుగు నిమిషములు నిలుచు బస్సు ఛార్జరువద్ద గంటలకొలది నిలువవలెను గనుక, నిలుచుచోటే ఇంధనస్థలమగును. బ్యాటరీలు పైకప్పుమీద నున్న బస్సులకు క్రింద పిట్టు చాలదు. పైన నిలిచి పనిచేయుటకు మంచెయు కావలెను. నేడు డీజిలు డిపో కట్టువారు సైతము గచ్చు క్రింద విద్యుత్తు తీగెలకు ఖాళీ గొట్టములు వేసియుంచుట మంచిది. గచ్చు వేసిన పిమ్మట పగులగొట్టుట ఖర్చు.

పర్చూరున డిపో కావలెనా? కావలెనని కోరుట సహజమే. 2025 ఆగస్టు 15 నుండి రాష్ట్రమున స్త్రీలకు పెక్కు బస్సులలో ఉచిత ప్రయాణము కలిగిన పిదప బస్సు అవసరము అందఱికి మఱింత తెలిసినది. అయినను పది యిరువది బస్సులకైనను, నూఱు బస్సులకైనను పిట్టు, గాలియంత్రము, సామానుగది, రాత్రి మెకానిక్కు తప్పవు. చిన్న డిపోలో బస్సొక్కింటికి ఖర్చు పెరుగును. చీరాలకును చిలకలూరిపేటకును ఇంచుమించు నడుమనున్న మనకు పూర్తి డిపోకంటె చక్కని రాత్రిబస స్థలము మేలని నాకు తోచుచున్నది. నీరు నిలువని గచ్చు, ప్రహరీ, దీపములు, బోరింగు, కాంక్రీటు గోడల పిట్టు ఒకటి, చక్రములకు గాలి పట్టు యంత్రమొకటి, రాత్రి ఒక మెకానిక్కు చాలును. డ్రైవరుకును కండక్టరుకును దోమతెరలు, ఫ్యాను, స్నానపుగది గల గది మాత్రము విడువరాదు. ఇప్పుడు రాత్రిబస చేయు డ్రైవర్లలో పెక్కురు బస్సులోనే సీట్లమీద పండుకొనుచున్నారు. తెల్లవారుజామున మన పిల్లలను ఎక్కించుకొని పోవువారు వారే.