వరిలో ఊద గడ్డి: గుర్తించుట, అరికట్టుట

వరి పొలములో రెండు మారులు కలుపు తీయించినను, కోతల వేళకు ఊద కంకులు వరిపైకి తలలెత్తుట రైతులందరికిని ఎరుకయే. కూలీల అశ్రద్ధయే దీనికి కారణమని సాధారణముగా తలంతురు. కాని చాలా పొలములలో ఊదను నాటుచున్నది మనమే. అది నారుమడిలో వరితోపాటు మొలిచి, నారు కట్టలలో కలిసి, వరి కుదుళ్లలోనికి చేరుచున్నది. వరుసల మధ్య మొలిచిన గడ్డిని వీడరు నలిపివేయును గాని, కుదురులో కూర్చున్న ఊదను అది తాకజాలదు.

లేతప్రాయమున వరి, ఊద ఒకే తీరుగ నుండును. భేదము తెలియుటకు ఒక్కచోట చూచిన చాలును. మొక్కను చేతబట్టి, ఆకును మెల్లగా వెనుకకు వంచి, ఆకు కాండమును చుట్టిన ఒరతో కలియు చోట పరీక్షింపుడు. వరిలో అచ్చట పల్చని తెల్లని పొర నాలుకవలె లేచియుండును. దాని కిరుప్రక్కల నూగు గల చిన్న చెవుల వంటి భాగము లుండును. ఊదకు నాలుకయు లేదు, చెవులును లేవు. రంగును మాత్రము నమ్మరాదు. ఊద మొదలు తరచు ఎరుపు ఛాయగా నుండును గాని, కొన్ని వరి రకముల మొదళ్లును రంగుగానే యుండును. నారు పీకువారికి పనికి దిగుటకు ముందే గట్టుమీద రెండు మొక్కలు చూపుట పావుగంట పని. ఆ పావుగంట తరువాత పది కూలీలను మిగుల్చును.

మనము తిను ఊదలు కూడ ఈ గడ్డి కులమునకు చెందినవే. అయినను పొలములోని ఊదకు మరియొక గుణము గలదు. ఒక్క మొక్క వేలకొలది గింజలు కాయును. వరి కోతకు రాకమునుపే వానిని రాల్చివేయును. ఆ గింజలు నేలలో కొన్ని ఏండ్లు చావక నిలుచును. ఎండ, వేడి హెచ్చుగా నున్నప్పుడు ఊద వరికంటె వేగముగ పెరిగి, ఎరువును ముందుగా తాను తినును.

కనుక పని విత్తనముతోనే మొదలు కావలెను. ఊద గింజ సన్నది. విత్తన వడ్లను తగిన జల్లెడతో జల్లించిన క్రిందికి జారును. నారుమడిని ముందుగా ఒకసారి దమ్ముచేసి తడి నిలిపి, మొలచిన గడ్డిని పదిరోజుల పిమ్మట మరల కలియదున్ని, అప్పుడు విత్తుట మేలు. నాట్లయిన పొలములో రెండు అంగుళముల నీరు నిలిపిన ఊద మొలక చాలవరకు అణగును. అయితే నీటిపైకి ఆకు తేలిన ఊదను నీరు చంపదు. వెదజల్లిన వరిలో పైరు, కలుపు ఒకే వయసువి యగుటచే బెడద మరింత అధికము.

మందు వాడదలచినవారు నాటిన 3 నుండి 5 రోజుల లోపల ఎకరాకు ప్రెటిలాక్లోర్ 50 శాతము మందు 500 మిల్లీలీటర్లు 20 కిలోల పొడి ఇసుకలో కలిపి, పలుచగా నీరు నిలిపి, సమముగా చల్లవలెను. అది తప్పినచో, ఊద 2 నుండి 4 ఆకులతో నున్నప్పుడు బిస్పైరిబాక్ సోడియం 10 శాతము మందు 100 మిల్లీలీటర్లు 200 లీటర్ల నీటిలో కలిపి, పొలము నీరు తీసివేసి పిచికారీ చేసి, ఒకటి రెండు రోజులకు మరల నీరు పెట్టవలెను. ఊద ముదిరిన పిమ్మట చల్లిన మందు దండుగ. ఏటేట ఒకే మందు వాడిన దేశములలో దానికి లొంగని ఊద పుట్టినది; కావున మందులను మార్చుచుండవలెను.

ఇన్ని చేసినను కొన్ని మొక్కలు మిగులును. వానిని కంకి పాలు పోసుకొనుటకు ముందే పెరికి పశువులకు వేయవచ్చును, మంచి మేత. గింజపట్టిన కంకులను మాత్రము పశువులకు వేయరాదు. కొన్ని గింజలు పేడలో చావక మరల పొలము చేరును. వానిని గట్టుమీద పారవేయక, ఎండబెట్టి కాల్చివేయుడు.