ఇంట గెలిచిన ఆటపెట్టె

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఆ మాటను వ్యాపారంలో అక్షరాలా అమలుపరచిన ఘనత జపాన్‌లోని క్యోటో నగరానికి చెందిన నింటెండో కంపెనీకి దక్కుతుంది. 1889లో పేకముక్కల తయారీతో మొదలైన ఈ సంస్థ 2006 నవంబరులో 'వీ' అనే ఆటపెట్టెను అమెరికాలో విడుదల చేసింది.

టీవీకి తగిలించి ఆడే పెట్టెలు అప్పటికే అనేకం ఉన్నాయి. అయితే వాటి మీటలు గబగబా నొక్కడం కుర్రకారుకే చేతనైన విద్య. ఇంట్లో తల్లిగానీ, తాతగానీ ఆ ఛాయలకే పోయేవారు కారు. 'వీ'లో ఆ చిక్కు లేదు. చేతిలో ఇమిడే చిన్న కర్రలాంటి సాధనాన్ని టెన్నిస్ బ్యాటులా ఊపితే చాలు. అది కదలికను పసిగడుతుంది. తెర మీద బొమ్మ బంతిని కొడుతుంది.

తలుపు తట్టిన ప్రచారం

సూటు తొడిగిన ఇద్దరు జపనీయులు చిన్న కారులో అమెరికా అంతా తిరుగుతూ, ఇంటింటి తలుపు తట్టి, వంగి నమస్కరించి ఆటకు పిలవడం ఆ కంపెనీ ప్రకటన. ధర 250 డాలర్లు. అదే నెలలో వచ్చిన సోనీ వారి ప్లేస్టేషన్ 3 ధర 500 డాలర్ల నుంచి మొదలైంది. వృద్ధాశ్రమాల్లో సైతం ముసలివారు పోటీలు పెట్టుకుని 'వీ' ఆడారు. ఆట ఊపులో పట్టీలు తెగి, సాధనం ఎగిరిపడి టీవీలు పగిలిన సంఘటనలూ జరిగాయి. దానితో 2006 డిసెంబరులో కంపెనీ 32 లక్షల పట్టీలను మార్చి ఇవ్వడానికి ముందుకు వచ్చింది. అయినా గిరాకీ తగ్గలేదు. మొత్తం మీద 10 కోట్లకు పైగా పెట్టెలు అమ్ముడుపోయాయి.

ఎవరి దారి వారిదే

ఇది చూసి పోటీదారులు 2010లో రంగంలోకి దిగారు. సోనీ 'మూవ్' కొసన వెలిగే గోళాన్ని కెమెరా కనిపెడుతుంది. గురి తప్పని కచ్చితత్వం, మీటలు కూడా ఉన్నాయంటూ తుపాకీ ఆటల వారిని అది ఆకర్షించజూసింది. మైక్రోసాఫ్ట్ 'కినెక్ట్'కు చేతిలో ఏమీ అక్కరలేదు. ఒళ్లంతా కెమెరాయే చూస్తుంది. నృత్యాల ఆటలతో, ఓప్రా విన్‌ఫ్రీ టీవీ కార్యక్రమంలో ఉచిత పంపకాలతో గృహిణులను పిలిచింది. 60 రోజుల్లో 80 లక్షలు అమ్ముడై గిన్నిస్ రికార్డు కెక్కింది.

బెడిసికొట్టిన బలవంతం

చిక్కు తరువాత వచ్చింది. 2013లో మైక్రోసాఫ్ట్ తన కొత్త పెట్టె ఎక్స్‌బాక్స్ వన్‌తో కినెక్ట్‌ను తప్పనిసరిగా అంటగట్టి 500 డాలర్లు ధర పెట్టింది. కెమెరా లేని సోనీ పెట్టె 400కే దొరికింది. మీటల ఆటలకు అలవాటుపడిన పాత ఖాతాదారులు సోనీ వైపు మొగ్గారు. హైదరాబాదులో జన్మించిన సత్య నాదెళ్ల ఆ సంస్థ సారథ్యం స్వీకరించిన 2014లోనే, జూన్ నెలలో కినెక్ట్ లేని పెట్టె 400కు అమ్మకానికి వచ్చింది. 2017లో కినెక్ట్ తయారీయే నిలిచిపోయింది.

నింటెండోకూ ఆ వైభవం నిలవలేదు. 2012లో తెచ్చిన 'వీ యు'ను కొన్నవారు కోటీ 36 లక్షల లోపే. సరదాగా ఒకసారి ఆడిన తాతలు, తల్లులు మళ్లీ అంగడికి రాలేదు. కొత్త చుట్టాన్ని ఇంటికి పిలవడం ఒక ఎత్తు. పాత చుట్టం అలగకుండా చూసుకుంటూ, కొత్తవారిని మళ్లీ రప్పించుకోవడం మరో ఎత్తు.