కాన్పు భయాన్ని కొలవవచ్చా?

తొలి కాన్పు దగ్గరపడుతుంటే చిన్న వయసు గర్భిణులకు నిద్ర పట్టదు. "మేమంతా కనలేదా?" అని పెద్దలు తీసిపారేస్తారు. అమ్మాయి నోరు మూసుకుంటుంది, భయం మాత్రం లోపలే ఉంటుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి మన దేశంలో 15-19 ఏళ్ల వారిలో 6.8 శాతం మంది తల్లులో, గర్భవతులో అయి ఉన్నారు. కనుక ఇది ఒకరిద్దరి సమస్య కాదు.

యునానీ వైద్యం ఆరోగ్యానికి ఆరు తప్పనిసరి అంశాలను చెబుతుంది. వీటినే అస్బాబె సిత్తా జరూరియా అంటారు. గాలి, అన్నపానాలు, నిద్ర వంటి వాటితో సమానంగా మనసు కదలిక, దాని విశ్రాంతి కూడా అందులో ఒకటి. భయం కలిగితే శరీరపు సహజమైన వేడి లోపలికి ముడుచుకుంటుందని, అందుకే కాళ్లు చేతులు చల్లబడతాయని హకీములు వివరించారు. భయంతో అడ్రినలిన్ పెరుగుతుందని, అది ఎక్కువైతే నొప్పులు మందగించవచ్చని నేటి వైద్యం అంటుంది.

మరి భయం ఎంత ఉందో తెలిసేదెలా? నబ్జ్ ఒక్కటే చూసి చెప్పలేం. గర్భిణికి నాడి మామూలుగానే వేగంగా ఉంటుంది, రక్తహీనత ఉంటే ఇంకా పెరుగుతుంది. అందుకే అమ్మాయినే అడగాలి. స్వీడన్‌లో 1998లో 33 ప్రశ్నల 'వైమా' కొలమానం వెలువడింది. ఒక్కో ప్రశ్నకు 0 నుంచి 5 మార్కులు, మొత్తం 165. 85 లేదా అంతకు మించితే తీవ్ర భయంగా లెక్కిస్తారు.

ఇంతకన్నా తేలికైనది రెండు గీతల పద్ధతి. కాగితంపై 10 సెంటీమీటర్ల గీతలు రెండు గీయండి. రాబోయే కాన్పును తలచుకుంటే ఎలా ఉందో గుర్తు పెట్టమనండి. మొదటి గీతకు ఒక కొస 'నెమ్మది', మరో కొస 'ఆందోళన'. రెండో గీతకు 'భయం లేదు', 'చాలా భయం'. నెమ్మది, భయం లేదు అన్న కొసల నుంచి గుర్తుల వరకు మిల్లీమీటర్లలో కొలిచి, రెండూ కూడి సగం చేయండి. 60 లేదా అంతకు మించితే డాక్టరుకు తప్పక చెప్పాలి. కొందరు పరిశోధకులు 54నే హద్దుగా తీసుకున్నారు. ఇది రోగ నిర్ధారణ కాదు, మాట మొదలుపెట్టే సాధనం మాత్రమే.

ఒక్క షరతు. అమ్మాయి ఒంటరిగా ఉన్నప్పుడే అడగాలి. అత్తగారి ముందు పెట్టిన గుర్తు నిజం చెప్పదు.

తర్వాత దేనికి భయమో అడగండి. నొప్పికా, ఆపరేషన్‌కా, చనిపోతాననా, ఒంటరిగా ఉండాలనా? కాన్పు గదిని ముందే చూపించమని ఆస్పత్రి వారిని కోరండి. ప్రభుత్వ ఆస్పత్రుల్లో కాన్పు సమయాన తోడుగా ఒక స్త్రీని ఉంచేందుకు కేంద్రం 2016లో అనుమతించింది. ఖమీరా, మాజూన్ వంటివి గర్భిణికి సొంతంగా ఇవ్వకండి. తిండి, నిద్ర మానేసినా, చావు మాటలు మాట్లాడినా ఆలస్యం చేయకుండా డాక్టరు దగ్గరకు తీసుకెళ్లండి. ఉచిత టెలీ మానస్ సహాయం కోసం 14416కు ఫోన్ చేయవచ్చు.

భయపడటం ఈమాన్ లోపం కాదు. ఖుర్ఆన్‌లోని మర్యమ్ సూరా ఆ పుణ్యవతి ప్రసవ వేదనను దాచలేదు. అక్కడ ముందు ఓదార్పు వినిపించింది, ఆ తర్వాతే నీరు, ఖర్జూరం ప్రస్తావన. మన ఇళ్లలోనూ ఆ వరుసే పాటిద్దాం.